ముళ్ళకంపే కదా అని కొట్టేస్తే కలివి కోడి యాడికి పోవాల?

మైనింగ్ వాళ్ళ నోట "జీవవైవిధ్య సంరక్షణ" అన్న మాట వస్తే చాలు, నాకు మా ఊరి దగ్గర ఒక క్వారీ లీజుకు పెట్టిన ప్రజాభిప్రాయ సేకరణ గుర్తొస్తుంది. షామియానా, అద్దె కుర్చీలు, మజ్జిగ ప్యాకెట్లు. క్వారీ వాళ్ళు పర్యావరణం మీద రాయించిన రిపోర్ట్‌లో జంతువుల పేజీ తీస్తే కాకి, మైనా, ఉడుత, కుక్క, పిల్లి. కుక్కను మర్చిపోనందుకు సంతోషం. మా చిన్నాయన లేచి "సార్, ఆ కంపలో రాత్రిపూట ఎప్పుడన్నా తిరిగినారా? ఉడుములుండాయి, అలుగులుండాయి, చుక్కల తాబేళ్ళుండాయి" అన్నాడు. రిపోర్ట్ రాసినాయన నవ్వి, "అది అడవి కాదు పెద్దాయనా, ఒట్టి ముళ్ళకంప. మేం చుట్టూ మొక్కలు నాటుతాం కదా" అన్నాడు.

మాది కడప జిల్లా. ఒట్టి ముళ్ళకంప అంటే నాకు యాడో కాలుతుంది.

1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న కలివి కోడి అనే అరుదైన పిట్ట 1986 జనవరిలో మళ్ళీ దొరికింది ఈ ముళ్ళకంపలోనే, మా జిల్లా లంకమల కొండల కింద. అదీ రాత్రిపూట, టార్చిలైటు వెలుగులో, స్థానిక వేటగాడి చేతికి. పగలంతా అలికిడి లేకుండా ఉండి చీకటి పడ్డాక తిరిగే పిట్ట అది. దాని జాడ పట్టాలంటే పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారి కాలి ముద్రలు వెతికేవాళ్ళు. అంత కష్టపడితే గానీ తెలియని పిట్ట, జీపులో వచ్చి మధ్యాహ్నం భోజనం టైముకు వెళ్ళిపోయే సర్వేకు ఎట్లా కనబడుతుంది?

పైగా గనుల రిపోర్ట్‌కు సాధారణంగా ఒక్క సీజన్ లెక్క చాలు, అదీ వానాకాలం కాకుండా. రాయలసీమ కంప బతికేదే ఆ నాలుగు వానల్లో! కప్పలు, పురుగులు, గడ్డి, పిట్టల గూళ్ళు అన్నీ అప్పుడే. ఎండల్లో వచ్చి చూసి ఏమీ లేదని రాస్తే అది ఎవరి తప్పు? ఇదన్నా నయం, రత్నగిరిలో ఒక బాక్సైట్ గని రిపోర్ట్ రష్యా గని రిపోర్ట్ నుంచి ఎత్తి రాశారని బయటపడింది. కొంకణ తీరంలో స్ప్రూస్, బర్చ్ లాంటి చలిదేశాల చెట్లు మొలిపించారు మహానుభావులు.

ఇక ఆ మొక్కల సంగతి. కలివి కోడికి కావాల్సింది కలివి, రేగు, బలుసు లాంటి పొదలు, వాటి మధ్య పరిగెత్తడానికి ఖాళీ నేల. అక్కడ వరసగా గుంతలు తీసి కానుగ, వేప నాటితే ఫోటోలో పచ్చగానే ఉంటుంది, పిట్టకు మాత్రం అది ఊరు మీద కట్టిన డ్యామ్. 2005లో తెలుగుగంగ కాలువ దాని ఆవాసంలోకి వచ్చినప్పుడు గొడవ జరిగింది కాబట్టి కాలువ దారి మార్చారు. క్వారీ ఏ పిట్టకు అడ్డమొచ్చిందో ముందు తెలిస్తే కదా గొడవ పడేది!

నేను గనులే వద్దనడం లేదు. నా ఇంట్లో గ్రానైట్ గట్టు ఉంది, ఒప్పుకుంటాను. రాత్రి సర్వే చేయండి, వానల్లో రండి, గొర్రెలు కాసేవాళ్ళను వెంట తీసుకుపోండి. తవ్వే ముందు తీసిన పైమట్టిని రాళ్ళకుప్పల కింద పూడ్చకుండా విడిగా పెట్టి మళ్ళీ పరవండి, అందులో ఉన్న విత్తనాలే కంపను లేపుతాయి. కొంత కంపనైతే అసలు ముట్టుకోకండి.

తర్వాత ఆ ప్రజాభిప్రాయ సేకరణ మినిట్స్ కాపీ తెప్పించుకుని చూశాను. మా చిన్నాయన మాట్లాడిందానికి ఎదురుగా ఒకే లైను ఉంది: "మరిన్ని మొక్కలు నాటాలని గ్రామస్థులు కోరారు."