రాజ్యాంగంలో లేని 30ఎ మీద ఇంత ఆగ్రహమా?

కొంతకాలంగా ఒకే సందేశం అన్ని వైపుల నుంచీ వచ్చి పడుతోంది. బడి మిత్రుల వాట్సాప్ గ్రూపులో ఒకసారి, కాలనీ సంఘం గ్రూపులో ఒకసారి, బంధువుల గ్రూపులో మరోసారి. పంపేవారు వేరు, మాటలు మాత్రం పొల్లుపోకుండా అవే. దాని సారాంశం ఇది: ఆర్టికల్ 30 ముస్లిములకు, క్రైస్తవులకు తమ మతాన్ని బడుల్లో బోధించుకునే హక్కు ఇచ్చిందట, ఆర్టికల్ 30ఎ హిందువులను మాత్రం గీత, వేదాలు, పురాణాలు బోధించకుండా నిషేధించిందట, నెహ్రూ దీనిని తేబోతే పటేల్ రాజీనామా చేస్తానని అడ్డుకున్నారట, పటేల్ కన్నుమూయగానే నెహ్రూ దానిని రాజ్యాంగంలో చేర్చారట, కాబట్టి 30వ అధికరణను రద్దు చేయాలట. ఎవరో తెలియనివారు పంపితే పట్టించుకోనవసరం లేదు. పంపుతున్నవారిలో న్యాయవాదులు, పిల్లలకు సాంఘికశాస్త్రం బోధించి రిటైరైనవారు ఉన్నారు. అందుకే ఇది రాయవలసి వస్తోంది.

ముందుగా అధికరణ సంగతి చూద్దాం. భారత రాజ్యాంగంలో 30ఎ అనే అధికరణ లేదు. 30వ అధికరణలో ఉన్నవి మూడే క్లాజులు. మత, భాషా మైనారిటీలు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకోవచ్చునని మొదటిది చెబుతుంది. అటువంటి సంస్థ ఆస్తిని ప్రభుత్వం నిర్బంధంగా సేకరించవలసి వస్తే, ఇచ్చే పరిహారం ఆ హక్కును దెబ్బతీసేలా ఉండకూడదని (1ఎ) చెబుతుంది. ప్రభుత్వం సాయం చేసేటప్పుడు, యాజమాన్యం మైనారిటీలదన్న కారణంతో వివక్ష చూపకూడదని రెండవది చెబుతుంది. గీత గురించి, వేదాల గురించి, ఏ మతగ్రంథం గురించీ అక్కడ ఒక్క ముక్క లేదు. ఆ (1ఎ) కూడా 1978 నాటి 44వ సవరణతో వచ్చింది. ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితా నుంచి ఆ సవరణ తొలగించినందువల్ల, మైనారిటీ విద్యాసంస్థల ఆస్తులకు విడిగా ఒక రక్షణ అవసరమైంది. అప్పటి ప్రభుత్వం మొరార్జీ దేశాయిది. వాజపేయి, అద్వానీ ఆ మంత్రివర్గంలో ఉన్నారు. నెహ్రూ 1964 మేలోనే మరణించారు. చనిపోయిన పద్నాలుగేళ్ళకు ఆయన ఏ దారిన వచ్చి దీనిని రాజ్యాంగంలో చేర్చారో ఈ సందేశం పంపేవారే చెప్పాలి.

పటేల్ కథ ఇంకా దారుణం. ప్రాథమిక హక్కులు, మైనారిటీల విషయాలను పరిశీలించడానికి రాజ్యాంగ సభ 1947లో నియమించిన సలహా సంఘానికి అధ్యక్షుడు సర్దార్ పటేలే. మైనారిటీల విద్యాహక్కులు ఆ సంఘం పరిశీలనలోంచే వచ్చాయి. సంఘం నివేదికలను సభ ముందుంచినవారూ ఆయనే. ముసాయిదాలో 23వ అధికరణగా ఉన్న ఈ నిబంధన 1948 డిసెంబరులో సభలో చర్చకు వచ్చింది. రాజ్యాంగం 1949 నవంబరు 26న ఆమోదం పొంది, 1950 జనవరి 26న అమలులోకి వచ్చింది. పటేల్ కన్నుమూసింది 1950 డిసెంబరు 15న. అంటే 30వ అధికరణ అమలులోకి వచ్చిన తరువాత కూడా ఆయన దాదాపు పదకొండు నెలలు ఉపప్రధానిగా, హోంమంత్రిగా పనిచేశారు. అక్కడి నుంచి 44వ సవరణ దాకా ఆ అధికరణలో అక్షరం మారలేదు. పటేల్‌ను గౌరవించేవారు, ఆయన అధ్యక్షత వహించి చేసిన పనిని ఆయన చేతిలోంచి లాగేసి, ఆయన నోట అనని మాటలు పెట్టి ఊరంతా పంచడం ఏ రకమైన గౌరవం?

ఇక గీతను బోధించకూడదన్న మాట. మతబోధన గురించి రాజ్యాంగం మాట్లాడేది 28వ అధికరణలో, అదీ అన్ని మతాలకూ కలిపి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో ఏ మతబోధనా ఉండరాదు. ఏదైనా ధర్మనిధి లేదా ట్రస్టు కింద స్థాపితమై, మతబోధన జరగాలన్న నియమం ఉన్న సంస్థను ప్రభుత్వం నిర్వహిస్తున్నా ఈ నిషేధం దానికి వర్తించదు. గుర్తింపు గానీ, సాయం గానీ పొందిన సంస్థలో, విద్యార్థి సమ్మతి లేకుండా, మైనరైతే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధనకు హాజరు కమ్మని బలవంతపెట్టరాదు. బడి చర్చిదైనా, ఆర్యసమాజానిదైనా, మఠానిదైనా ఇదే నియమం.

ఈ నియమం ఎవరి మీద ఎలా పనిచేసిందో చూడాలంటే అస్సాంను చూడాలి. ప్రభుత్వమే నడిపే మదర్సాలను మామూలు పాఠశాలలుగా మారుస్తూ ఆ రాష్ట్రం 2020లో చట్టం చేసింది. దాన్ని సవాలు చేసినవారు 30వ అధికరణనే ముందుకు తెచ్చారు. 2022 ఫిబ్రవరిలో గువాహటి హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఆ మదర్సాలు పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడుస్తున్నాయి కనుక 28(1) ప్రకారం వాటిలో మతబోధన కుదరదని తేల్చి చెప్పింది. హిందువులకు సంకెళ్ళు వేసిందని మనవాళ్ళు చెబుతున్న రాజ్యాంగం, చేతల్లో ప్రభుత్వ మదర్సాలలో ఖురాన్ బోధనను ఆపించింది. ఉత్తరప్రదేశ్ మదర్సాల చట్టాన్ని అలహాబాద్ హైకోర్టు 2024 మార్చిలో కొట్టివేసిన మాట, అదే ఏడాది నవంబరు 5న సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టిన మాట నిజమే. అయితే ఆ తీర్పు కూడా చదువు నాణ్యత కోసం నియంత్రించే అధికారం రాష్ట్రానికి ఉందని చెప్పింది, మదర్సా బోర్డు కామిల్ (డిగ్రీ స్థాయి), ఫాజిల్ (పీజీ స్థాయి) పట్టాలు ఇవ్వడం చెల్లదంది.

మరి గీత? గుజరాత్ ప్రభుత్వం 6 నుంచి 12 తరగతులకు గీతను పాఠ్యాంశంగా చేరుస్తున్నట్టు 2022 మార్చిలో ప్రకటించింది. పాఠ్యప్రణాళికలో వివిధ మతాల గురించి చదివించడం 28వ అధికరణకు విరుద్ధం కాదని అరుణా రాయ్ కేసులో 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఉజ్జయినిలోని సాందీపని వేదవిద్యా ప్రతిష్ఠానం కేంద్ర విద్యాశాఖ కిందనే పనిచేస్తూ దేశమంతటా వేదపాఠశాలలకు తోడ్పడుతోంది. అంత దూరం ఎందుకు? తిరుపతిలో వేద విశ్వవిద్యాలయం 2006లో మన శాసనసభ చేసిన చట్టంతోనే ఏర్పడింది. అదే ఊళ్ళోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం కేంద్ర విశ్వవిద్యాలయం, అక్కడ వేదాంతమూ ఆగమమూ చెబుతారు. ఆంధ్రప్రదేశ్‌లో పదవ తరగతి పిల్లలు తెలుగు ఉపవాచకంగా రామాయణం చదివారు. తెలంగాణలో పదవ తరగతి పిల్లలు బలి చక్రవర్తి దానాన్ని గురించి పోతన రాసిన పద్యాలు కంఠస్థం చేశారు. పురాణాలు బోధించడం నిషిద్ధమంటూ సందేశం పంపిన పెద్దమనిషి ఇంట్లోనే మనవరాలు "కారే రాజులు? రాజ్యముల్ గలుగవే?" అని వల్లె వేసి ఉంటుంది. ఆ పుస్తకాన్ని అచ్చువేసింది ప్రభుత్వమే.

ఇరవై మందికి పంపకపోతే నిజమైన హిందువు కాదన్న ఆ సందేశపు చివరి వాక్యానికి జవాబు అవసరం లేదు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది 30వ అధికరణను రద్దు చేయాలన్న డిమాండు. అది మనవాళ్ళ మీదకే వెళ్ళే రాయి. ఆ అధికరణ మతం ఒక్కటే ఆధారంగా హక్కు ఇవ్వలేదు, భాష ఆధారంగా కూడా ఇచ్చింది. చెన్నైలో తెలుగు భాషా మైనారిటీ గుర్తింపుతో కళాశాలలు నడుస్తున్నాయి. వాటిని నడిపేవారిలో అత్యధికులు హిందువులే. తమిళనాడు 2006లో తమిళ బోధన చట్టం చేసి, ఆ ఏడాది ఒకటవ తరగతితో మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున తమిళాన్ని తప్పనిసరి చేసుకుంటూ వచ్చింది. ఆ క్రమంలో 2016 నాటికి ఆ నిబంధన పదవ తరగతి పబ్లిక్ పరీక్షను తాకింది. హోసూరులోనో, కృష్ణగిరి పక్క పల్లెలోనో మొదటి నుంచీ తెలుగులో చదువుకున్న పిల్ల, బడిలో తమిళ ఉపాధ్యాయుడే సరిగా లేకపోయినా ఆ పరీక్షలో తమిళ పేపరు రాసి పాసు కావలసిన పరిస్థితి వచ్చింది. తెలుగు, కన్నడ, మలయాళం, ఉర్దూ చదివే పిల్లల తరఫున భాషా మైనారిటీల వేదిక ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏటి పరీక్షకు మినహాయింపును పొడిగించింది. ఆ పిల్లల వకీళ్ళకు ఆసరా భాషా మైనారిటీలకు రాజ్యాంగం ఇచ్చిన రక్షణలే, వాటిలో 30వ అధికరణ ఒకటి. తెలుగు భాష చచ్చిపోతోందని పొద్దున ఒక సందేశం, 30వ అధికరణను రద్దు చేయాలని సాయంత్రం మరొక సందేశం ఒకే మనిషి నుంచి వస్తుంటే, హోసూరు పిల్ల గురించి ఆయన ఒక్క నిమిషమైనా ఆలోచించారా అని అడగకుండా ఉండలేను.

మతం విషయంలోనూ ఆ హక్కు హిందువులకు వ్యతిరేకం కాదు. పంజాబ్‌లో సిక్కులు అధికసంఖ్యాకులు, హిందువులు అల్పసంఖ్యాకులు. గురునానక్ దేవ్ విశ్వవిద్యాలయం విధించిన కొన్ని షరతులను సవాలు చేస్తూ అక్కడి ఆర్యసమాజపు డీఏవీ కళాశాలలు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. పంజాబ్‌లో హిందువులు మతపరమైన మైనారిటీయేనని, వారికి 30వ అధికరణ రక్షణ ఉంటుందని 1971లో ఆ కోర్టు చెప్పింది. ఎవరు మైనారిటీ అన్నది రాష్ట్రాన్ని బట్టి నిర్ణయించాలని 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం స్థిరపరిచింది. బడి పెట్టుకుని నడుపుకునే హక్కు మెజారిటీ మతస్థులతో సహా పౌరులందరికీ ఉందని కూడా అదే తీర్పు చెప్పింది.

ఇంత చెప్పాక ఒక విషయం ఒప్పుకోవాలి. హిందూ యాజమాన్యాలకు న్యాయమైన ఫిర్యాదు ఒకటి ఉంది, అది చిన్నదేమీ కాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లను పేద, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. 2014లో ప్రమతి ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని మైనారిటీ బడులకు, అవి ప్రభుత్వ సాయం పొందుతున్నా సరే, వర్తించకుండా చేసింది. ఒకే వీధిలో ఒకే స్థాయి ఫీజులు తీసుకునే రెండు బడులుంటే, ఒకదానికి పేదపిల్లను చేర్చుకునే బాధ్యత ఉండి, యాజమాన్యపు మతాన్ని బట్టి రెండవదానికి లేకపోవడం నాకు అన్యాయంగానే కనబడుతుంది. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘం 2021 నివేదిక ప్రకారం మైనారిటీ బడుల్లో చదివేవారిలో 62 శాతానికి పైగా ఆ మైనారిటీలకు చెందనివారే, సామాజికంగా ఆర్థికంగా వెనుకబడిన పిల్లలు 9 శాతం కూడా లేరు. ఒక సమాజం తన సంస్కృతిని కాపాడుకోవడానికి ఇచ్చిన రక్షణ, పేదపిల్లలను గేటు బయట నిలబెట్టడానికి పనికివస్తున్నప్పుడు దాన్ని ప్రశ్నించాలి. తమ విద్యాసంస్థల్లో ప్రభుత్వ జోక్యం తప్పించుకోవడానికి రామకృష్ణ మిషన్ అంతటి సంస్థ తాము హిందువులం కాదని, వేరే మతమని కలకత్తా హైకోర్టులో వాదించి నెగ్గింది. 1995లో సుప్రీంకోర్టు ఆ వాదనను తిరస్కరించింది. వివేకానందుని సంస్థకు ఆ వాదన అవసరమైందంటే, మైనారిటీ గుర్తింపు ఉన్న సంస్థకు, లేని సంస్థకు నడుమ తేడా నిజంగానే ఉందన్నమాట.

ఆ 2014 తీర్పు సరైనదేనా అన్న సందేహాన్ని 2025 సెప్టెంబరు 1న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం స్వయంగా లేవనెత్తింది. విషయాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించాలని కోరింది. రాజ్యాంగాన్ని పట్టుకుని వాదించడానికి, పార్లమెంటు సభ్యుడికి ఉత్తరం రాయడానికి, వీధిలోని బడిని నిలదీయడానికి అవసరమైన సంగతులన్నీ ఈ వివాదంలోనే ఉన్నాయి. నాకు వచ్చిన అన్ని ఫార్వర్డులలోనూ దాని ప్రస్తావన ఒక్కచోట కూడా కనబడలేదు.