నీళ్ళ జాడ చెప్పే పంగలకర్రగారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పంగలకర్రగారి దివ్య సముఖమునకు నమస్కరించి రాయునది ఏమనగా:

ఇక్కడ మేము క్షేమం. అక్కడ తమరు బెరడు చెక్కుచెదరకుండా ఉన్నారని తలుస్తాము. ఒకపక్క ఉపగ్రహాలు 2002 నుంచి భూమి గురుత్వాకర్షణలో వచ్చే చిన్న చిన్న తేడాలను పట్టుకుని భూగర్భ జలాల తరుగును తూకం వేస్తున్నాయి. ఇంకోపక్క బోరు వేయించదలచినవాళ్ళు చెట్టు దగ్గరకు పోయి తమరిని విరుచుకొచ్చి, చేతబట్టి నడిచి, తమరు తల వంచిన చోట కింద నీళ్ళున్నాయని నమ్ముతున్నారు. చదువు, బ్యాటరీ, ఏడాదికోసారి తనిఖీ ఏవీ లేకుండా ఇన్ని శతాబ్దాలు కొలువు నిలబెట్టుకున్న పనిముట్టు మరొకటి మా ఎరుకలో లేదు.

తమరి పూర్వోద్యోగాలు కొంచెం తిరగేశాం. 1556లో అచ్చయిన గనుల గ్రంథంలో జర్మన్ పండితుడు అగ్రికోలా తమరి వంశాన్ని వివరంగా పరిచయం చేశాడు. అప్పట్లో తమరిలో పని విభజన ఉండేది. వెండి సిరలకు హేజెల్ పుల్ల, రాగికి యాష్ పుల్ల, సీసానికీ తగరానికీ పైన్ పుల్ల, బంగారానికి ఇనుప కడ్డీ. ఇప్పుడు ఏ చెట్టు కొమ్మయినా, ఆఖరికి వంచిన తీగ అయినా నీళ్ళు చెప్పేస్తోంది. ఆ స్పెషలిస్టులంతా ఎప్పుడు రిటైరయ్యారో! అన్నట్టు, పని తెలిసిన గనివాడికి ఈ పుల్లతో అవసరం లేదని అగ్రికోలా అక్కడే తేల్చేశాడు. ఆ వాక్యం తమరి అభిమానులు చదివినట్టు లేరు.

1692లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జంట హత్యలు జరిగితే తమరు నేర పరిశోధనలోకి కూడా దిగారు. జాక్ ఏమార్ అనే రైతు చేతిలో ఊగుతూ ఒక జైలు దాకా వెళ్ళి, అక్కడున్న ఒక గూనివాడిని చూపించారు. అతనికి మరణశిక్ష అమలైంది. తర్వాత పారిస్ తీసుకెళ్ళి, తోటలో లోహాలు పాతిపెట్టి కనిపెట్టమంటే మాత్రం తమరి తెలివి పనిచేయలేదు. జైలు దగ్గర చూపిన చురుకు గుంతల దగ్గర ఏమైందో తమరే చెప్పాలి.

సరే, అసలు విద్యకు వద్దాం. తమరి నిర్మాణం చూస్తే మాకు నిజంగానే గౌరవం కలుగుతుంది. పెన్సిలు మందాన, మూర పొడవున రెండు కొమ్మలున్న పచ్చి పంగ కావాలి. ఎండుదైతే పట్టున విరుగుతుంది. అరచేతులు ఆకాశం వైపు తిప్పి, మోచేతులు డొక్కలకు ఆనించి, రెండు కొమ్మల చివర్లు పిడికిట్లో బిగించి పక్కలకు లాగాలి. అప్పుడు తమరు కర్ర కారు, లోపల బిగిసి ఉన్న స్ప్రింగు. ముందుకు చాచిన ముక్కు ఏదో ఒక పక్కకు విరుచుకుపడటానికి సిద్ధంగా ఉంటుంది. మణికట్టు కొంచెం లోపలికి తిరిగితే చాలు, ముక్కు లంబకోణం మేర కిందికి దూకుతుంది. పట్టుకున్నవాడికి తన చేయి తిరిగిన సంగతి తెలియదు, కర్ర దూకిన సంగతి మాత్రం తెలుస్తుంది. 'ఎంత ఆపినా ఆగలేదు, బెరడు ఊడి చేతికొచ్చింది' అని చెప్పుకోవడమూ నిజమే. ఆపాలని ఎంత బిగిస్తే అంత ఒత్తిడి కొమ్మల్లో చేరి, అంత గట్టిగా తిరుగుతుంది. బెరడు ఊడటం పిడికిలి బలానికి సాక్ష్యం. నేల కింద ఏముందో దానికేం తెలుసు?

తమరి దాయాదులు, ఎల్ ఆకారపు జంట కమ్మీలది ఇంకా సుకుమారమైన వ్యవహారం. వదులుగా పట్టుకున్న కమ్మీ పిడి నిటారుగా ఉన్నంతసేపూ అటూఇటూ కానిస్థితిలో ఉంటుంది. పిడి పైభాగం పిసరంత లోపలికి వాలిందా, పొడుగు భాగం పల్లం వెతుక్కుంటూ లోపలికే తిరుగుతుంది. రెండు చేతులూ ఆ పని చేస్తే కమ్మీలు ఒకదాని మీదొకటి పడతాయి. తలుపు బందు సరిగా బిగించకపోతే తలుపు తనంతట తానే మూసుకోవడం లాంటిదే ఇది. తలుపు కింద గంగమ్మ ఉందని ఎవరూ అనరు.

ఇక్కడ తమరిని మోసేవారి గురించి ఒక మాట. వాళ్ళలో చాలామంది మోసగాళ్ళు కారు. తెలియకుండా కండరం కదలడాన్ని 1852లో ఇంగ్లండు శరీరశాస్త్రజ్ఞుడు విలియం కార్పెంటర్ ఐడియోమోటార్ చర్య అన్నాడు. అంతకుముందే, 1833లో, ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రెల్, చేత్తో పట్టుకుంటే పాదరసం మీద తనంతట తానే ఊగినట్టు కనిపించే లోలకం సంగతి తేల్చాడు. చేతికి ఆనిక ఇస్తే ఊపు తగ్గింది. కళ్ళకు గంతలు కడితే ఆగిపోయింది. అప్పట్లో కొందరు బల్ల చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే ఆత్మలు దాన్ని తిప్పుతాయని నమ్మేవారు. 1853లో భౌతిక శాస్త్రజ్ఞుడు ఫారడే ఆ ఆత్మల మీద ఇదే పని పెట్టుకున్నాడు. చేతులకూ బల్లకూ మధ్య అట్టలు పేర్చి, మెత్తటి జిగురుతో అంటించి, ముందు కదిలేది పై అట్టా, బల్లా అని చూశాడు. పై అట్టే ముందు జరిగింది, అంటే చేతులే బల్లను నెడుతున్నాయి. ఆ కదలిక చూపించే గడ్డిపోచ ముల్లును కూర్చున్నవాళ్ళ కళ్ళెదుట పెట్టగానే ఆత్మలు లేచి వెళ్ళిపోయాయి.

అయితే ఆ చెయ్యి ఫలానా చోటే ఎందుకు తిరుగుతుంది? పట్టుకున్నవాడి కళ్ళు మూసుకుని లేవు కదా. పల్లం, పచ్చగా ఉన్న పాయ, దగ్గర్లోని పాత బావి, అన్నిటికీ మించి స్థలం యజమాని చూపు ఎక్కడ ఆగుతోందో అది, అన్నీ ఆ మణికట్టుకు చేరుతూనే ఉంటాయి. అనుభవమున్న మనిషి కంటి పరిజ్ఞానం కొంత నిజమైనదే. దాని ఘనత మాత్రం తమరి ఖాతాలో పడుతోంది.

ఇక 'ఆయన పాయింటు పెడితే పదికి ఎనిమిది బోర్లలో నీళ్ళు పడతాయి' అనే మాట. ఇంత పెద్ద విజయాన్ని మేము కాదనం. ఒక్కటే అడుగుతాం: ఆ నేలలో కళ్ళు మూసుకుని రాయి విసిరి, పడిన చోట తవ్వితే పదికి ఎన్ని పడతాయి? ఇసుక, ఒండ్రు నేలల్లో నీటిమట్టం దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. అక్కడ నీళ్ళు పడకుండా బోరు వేయడమే కష్టం. గండశిల నేలల్లో కథ వేరు. పైన ఉండే మెత్తరాతి పొరలోనూ, దాని కింద గట్టిరాతి పగుళ్ళలోనూ మాత్రమే నీరుంటుంది. పగులు తగిలితే పుష్కలం, పది మీటర్లు పక్కకు జరిగితే దుమ్ము. పరీక్ష అవసరమైంది ఇలాంటి చోటే. 'కింద నదిలా జల పారుతోంది' అనే వర్ణన సున్నపురాతి గుహలకూ లావా సొరంగాలకూ సరిపోతుందేమో గానీ, ఎక్కువ చోట్ల నీరు రేణువుల సందుల్లో, పగుళ్ళలో నెమ్మదిగా జారుతూ ఉంటుంది. తమరి చిటికెనవేలు కింద హోరు పెట్టదు.

లెక్క సరిగా కట్టాలంటే నాలుగు గళ్ళు కావాలి. తమరు తల వంచిన చోట నీళ్ళు పడటం ఒకటి, పడకపోవడం రెండు. తల వంచని చోట తవ్వితే నీళ్ళు పడటం మూడు, పడకపోవడం నాలుగు. మొదటి గడి మాత్రమే నలుగురి నోట్లో నానుతుంది. రెండోదానికి 'ఇంకో ఇరవై అడుగులు దింపాల్సింది' అన్న జవాబు సిద్ధం. మూడు, నాలుగు గళ్ళు ఎప్పటికీ ఖాళీయే, ఎందుకంటే తమరు వద్దన్న చోట డబ్బు పోసి తవ్వేవాడు లేడు. సగం పేపరు రాయకుండానే ఫస్టు క్లాసు కొట్టిన ఘనత తమరిదే.

తమరికి పోటీగా ఉన్న విద్యుత్ నిరోధ పరీక్ష కూడా దేవుడేమీ కాదు. నేలలో వరసగా నాలుగు కడ్డీలు దిగ్గొట్టి, రెండు చివర్ల కడ్డీల గుండా కరెంటు పంపి, మధ్య రెండిటి నడుమ వోల్టేజి కొలుస్తారు. కడ్డీల దూరం పెంచేకొద్దీ కరెంటు లోతుకు దిగుతుంది. పగుళ్ళు లేని గట్టిరాయి కరెంటును బాగా అడ్డుకుని వేల ఓమ్-మీటర్ల నిరోధకత చూపిస్తుంది. నీరు నిండిన మెత్తరాయి పదుల్లోనో వందల్లోనో ఉంటుంది. చిక్కల్లా బంకమట్టితోనే. అదీ తక్కువే చూపిస్తుంది, కానీ గుప్పెడు నీళ్ళు వదలదు. పాతిన ఇనుప గొట్టం, కంచె తీగ దగ్గరుంటే రీడింగు చెడుతుంది. ఎండిన నేలలో కడ్డీ మొదట్లో నీళ్ళు పోయకపోతే కరెంటే సరిగా దిగదు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఎండు బోర్లు తప్పవు. ఒక్క తేడా ఏమిటంటే, అది తవ్వకముందే తన అంకెను కాగితం మీద పెడుతుంది. తప్పితే ఎక్కడ తప్పిందో వెనక్కి వెళ్ళి వెతకవచ్చు. తమరు తప్పితే మాత్రం గ్రహాలనో, చెప్పులనో, అనుమానంగా చూసిన పక్కింటాయననో విచారించాలి.

పరీక్షలకు తమరు బొత్తిగా కూర్చోలేదని అనడం అన్యాయం. 1990లో జర్మనీలోని కాసెల్‌లో అరమీటరు లోతున గొట్టం పాతి, అందులో నీరు పారుతోందో లేదో చెప్పమన్నారు. 30 మంది వచ్చారు. షరతులు న్యాయంగా ఉన్నాయని ముందే ఒప్పుకుని సంతకాలు పెట్టారు. ఫలితం బొమ్మా బొరుసూ వేసినట్టే వచ్చింది. అంతకుముందు, 1987-88లో, మ్యూనిక్ శాస్త్రజ్ఞులు ఒక కొట్టంలో కింది అంతస్తున గొట్టాన్ని జరుపుతూ, పై అంతస్తున నడిచేవాళ్ళను దాని చోటు చెప్పమన్నారు. 500 మందికి పైగా నుంచి ఏరిన 43 మందితో 843 సార్లు నడిచి చూశారు. కొద్దిమందిలో నిజంగా ఏదో ఉందని వాళ్ళు రాసుకున్నారు. 1999లో శాస్త్రజ్ఞుడు జిమ్ ఎన్‌రైట్ అవే అంకెలు తిరగేస్తే, అందరిలోకీ మేటి అనిపించుకున్నాయన 10 మీటర్ల గీత మీద, ఊరికే ప్రతిసారీ మధ్యలో వేలు పెట్టేవాడి కంటే సగటున 4 మిల్లీమీటర్లు దగ్గరగా వచ్చాడని తేలింది. ఆ నాలుగు మిల్లీమీటర్లకూ అభినందనలు.

నవ్వి ఊరుకుందామంటే తమరి బంధువర్గం ఊరుకోనివ్వదు. బ్యాటరీ లేని పిడికి ఊగే యాంటెనా తగిలించి, ఏడీఈ 651 అని పేరుపెట్టి, బాంబులు కనిపెడుతుందని ఇరాక్‌కు అమ్మారు. దాని మాతృక గోల్ఫ్ బంతులు వెతికే ఉత్తుత్తి బొమ్మ. తనిఖీ కేంద్రాల్లో దాన్నే నమ్ముకుని వాహనాలను వదిలేశారు, బాంబులూ వాటితోపాటే లోపలికి వెళ్ళాయి. అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్‌కు 2013లో బ్రిటన్ కోర్టు పదేళ్ళ శిక్ష వేసింది. యాంటెనాను ఊపింది మాత్రం తమరిని ఊపే ఆ మణికట్టే.

కాబట్టి తమరిని ఒక పరీక్షకు సాదరంగా ఆహ్వానిస్తున్నాం. ఏర్పాట్లు ఇవి:

ముందు ఖాళీ స్థలంలో తమరిని ఒకసారి నడిపిస్తాం. తమరు సహజంగా తల వంచే చోట్లకు మేకులు కొట్టి, వాటిని వదిలేస్తాం. రేపు 'కింద అసలు జల అడ్డొచ్చింది' అనే మాట రాకూడదు కదా. మిగిలిన చోట మూడేసి మీటర్ల దూరంలో మూతలున్న 10 ఒకేరకం బకెట్లు పెడతాం, ఒకదానిలో నీళ్ళు, తొమ్మిదింటిలో పొడి ఇసుక. మొదట నీళ్ళున్న బకెట్ ఏదో చెప్పేసి పదిసార్లు నడిపిస్తాం. ఇందులో తమరు పదికి పది కొడతారని మాకు తెలుసు. అయినా ఇది తప్పనిసరి, ఇవాళ తమరి ఒంట్లో బాగుందని, బకెట్లు తమరికి పడతాయని తమరి నోటితోనే అనిపించుకోవడానికి.

తర్వాత 20 సార్లు జవాబు దాచి పరీక్ష. ఒకరు 1 నుంచి 10 దాకా అంకెలున్న పేకముక్కలు కలిపి, వచ్చిన అంకె దగ్గర నీళ్ళ బకెట్ పెట్టి, తమరికి ఎదురుపడకుండా వేరే దారిన వెళ్ళిపోతారు. తమరి వెంట నడిచే మనిషికి జవాబు తెలియదు, కాబట్టి ఆయన ముఖం చదవడం కుదరదు. ఎక్కువ పరీక్షలు చెడిపోయేది ఇక్కడే. ఇంకో లొసుగు కూడా ఉంది: మార్చిన బకెట్ కింద మట్టి చెదురుతుంది, మూత అంచున చుక్క కారుతుంది. అందుకని ప్రతిసారీ పది బకెట్లూ ఎత్తి దించుతాం, అన్ని మూతలూ తడిపి తుడుస్తాం. తమరి జవాబు సిరాతో రాసి సంతకం పెట్టాకే మూత తీస్తారు.

ఊరికే గుడ్డిగా చెప్పినా 20కి సగటున 2 ఒప్పు వస్తాయి. 7 వస్తే తమరు పాసు. అదృష్టంతో 7 గానీ అంతకు మించి గానీ రావడం నాలుగు వందల సార్లకు ఒకసారి కూడా ఉండదు. మధ్యలో ఆపడం, చివరి ఐదే లెక్కలోకి తీసుకోమనడం చెల్లవు. నిలువ నీరు గిట్టదు, పారే నీరే కావాలంటే గొట్టమూ పంపూ మేమే తెస్తాం. అప్పుడు ప్రశ్న అవునా కాదా అన్నదే కాబట్టి, మార్కుల లెక్క మళ్ళీ కట్టుకుందాం.

దీంతోపాటు ఒక ఖాళీ కాగితం జతపరుస్తున్నాం. ఓడిపోతే చెప్పదలచిన కారణాలన్నీ, మబ్బు, అమావాస్య, సెల్‌ఫోన్ టవర్, నమ్మనివాళ్ళ సన్నిధి, ఏవైనా సరే, పరీక్షకు ముందే అందులో నింపి పంపండి. ఆ రోజు అవేవీ లేకుండా చూసే బాధ్యత మాది. మమ్మల్ని దూరంగా నిలబడమన్నా నిలబడతాం.

తమరి అంగీకారం రాతపూర్వకంగా కావాలి. తల ఊపితే చాలదు.

ఇట్లు,
తమరు వద్దన్న చోట కూడా తవ్వి చూడాలనుకునేవాళ్ళం