కోళ్ళు పొదిగిన ఫ్రెంచి

దక్షిణ ఫ్రాన్సులోని తూలూజ్ వచ్చాక మా ఆయనకి సాయంత్రం ఫ్రెంచి క్లాసు తప్పలేదు. విమానాల కంపెనీలో ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చు గానీ, ఇంటద్దె కాగితాలకి ఇంగ్లీషు రాదు కదా.

ఆ వారం హోంవర్కు: క్రియల్ని ముక్కలు చేసి పలకడం. ఇంటర్లో గణవిభజనకి పూర్తి మార్కులు కొట్టిన మనిషి, పెన్సిలు చెవిలో దోపుకుని ధీమాగా కూర్చున్నారు. 'పార్లే' అంటే మాట్లాడటం. నేను, నువ్వు, వాడు, వాళ్ళు... రాతలో తోకలు మారతాయి, నోటికొచ్చేసరికి అందరూ 'పార్ల్'. అందులోనూ 'వాళ్ళు' అన్నప్పుడు చివర ఈ, ఎన్, టీ అని మూడు రాయాలట, ఒక్కటీ పలక్కూడదట! సిరా అంత చవకా వీళ్ళకి?

ఈయనకేమో హల్లు మీద ఆగడం చేతకాదు. 'బస్'ని బస్సు, 'కార్'ని కారు చేసిన నోరాయె. 'పార్ల్' కాస్తా 'పార్లు' అయి కూర్చుంది. మేడమ్‌ది పారిస్. "చివర ఏమీ లేదు మస్యో, ఏమీ లేదు!" అని రెండు వేళ్ళతో గాలిని కత్తిరించి చూపించిందట.

ఇక ఇంట్లో సాధన. 'లె పూల్ ద్యు కూవాఁ కూవ్', అనగా మఠంలో కోళ్ళు పొదుగుతున్నాయి. మఠానికీ పొదగడానికీ స్పెల్లింగొకటే. మఠమైతే 'కూ-వాఁ' అని రెండు ముక్కలు, పొదిగితే 'కూవ్' అని ఒక్కటే. ఈయన బాల్కనీలో నిలబడి రెండుచోట్లా 'కూవెంట్, కూవెంట్' అని ఒకటే కూత. మధ్యమధ్యలో 'పార్ల్'లో రకారం కోసం గొంతులో గరగర.

తలుపు చప్పుడైంది. చూస్తే కింది ఫ్లాటు ముసలావిడ, చేతిలో ఏదో పూల కషాయం. "మీ ఆయనకి బాగా దగ్గులా ఉందే?"

పుస్తకం చూపిస్తే పకపకా నవ్వి, ఆవిడే కూర్చుని చదివించింది: "లె పూలె ద్యు కూవాఁ కూవె." చివర అచ్చు! దక్షిణాది ఫ్రెంచి యాసలో ఆ మూగ 'ఈ'ని మింగెయ్యరు, హాయిగా పలుకుతారు. "ఇది మన అజంతమేనే!" అని ఈయన పంచదార లేని కషాయం గటగటా తాగేశారు.

మర్నాడు క్లాసులో గొంతెత్తి 'కూవె' అన్నారట. మేడమ్ కళ్ళు మూసుకుంది.

"మా కింది ఫ్లాటావిడ, రొట్టెల కొట్టాయన, అందరూ ఇలాగే అంటున్నారు మేడమ్!"

"అంటారు. వాళ్ళకి పరీక్ష లేదు. మీకుంది."

ఇప్పుడు మా ఆయన చదువు ఆపేసి, నోటిపరీక్షకి వచ్చే ఎగ్జామినర్‌ది ఏ ఊరో వాకబు చేస్తున్నారు.