స్వయంభూ ‘నేను’ గారికి

అయ్యా ‘నేను’ గారూ,

పొందూరు నుంచి రాస్తున్నాను. మీరు ఎవరి మీదా ఆధారపడరనీ, సొంత బుద్ధితో సొంత నిర్ణయాలు తీసుకుంటారనీ తత్త్వశాస్త్రం పాఠంలో చదివాం. సంతోషం. మీ పుట్టుక గురించే చిన్న అనుమానం.

1642లో ఇంగ్లండ్ తత్త్వవేత్త థామస్ హాబ్స్ గారు, మనుషులు పుట్టగొడుగుల్లా నేలలోంచి లేచి, ఒకరికొకరు ఏమీ కాకుండానే పెద్దవాళ్లైపోయారని అనుకోమన్నారు. తొలకరికి మా గట్ల మీద కూడా పుట్టగొడుగులు లేస్తాయి గానీ, పంచె కట్టుకుని పెద్దరికం చేసేది ఇంతవరకు ఒక్కటీ కనబడలేదు. ఈ కథలో అమ్మ ఏదీ అని స్త్రీవాద తత్త్వవేత్త సేలా బెన్‌హబీబ్ నిలదీసి కూడా చాలా ఏళ్లైంది.

పంచె అంటే గుర్తొచ్చింది. మీరు సభలకు కట్టుకొచ్చే సన్నఖద్దరు మా ఊరిదే. మామ్మ వాలుగ చేప దవడ ఎముక పట్టుకుని, ఆ సన్నటి పళ్లతో కొండపత్తిని గింజ మీదే దువ్వుతుంది. తర్వాత గింజ తీయాలి, ఏకాలి, ఏకులు చుట్టాలి, వడకాలి. మధ్యలో పొయ్యి మీద అన్నం పొంగితే లేవాలి. సాయంత్రానికి ఆవిడ కనురెప్పల మీద కూడా దూదే. ఇన్ని చేతులు దాటొచ్చిన బట్ట కట్టుకుని మీరు మైకు ముందు “నన్ను నేనే తయారుచేసుకున్నాను” అంటారు!

జర్మన్ తత్త్వవేత్త కాంట్ గారూ మీ బంధువే. ఆడజాతి మొత్తం సొంత బుద్ధితో అడుగెయ్యడానికి జంకుతుందని 1784లో రాశారు. ఆయన్ని తెల్లారి ఐదింటికి లేపడానికి మాత్రం లాంపే అని ఒక నౌకరు ఉండేవాడు.

అలాగని మీరు అక్కర్లేదా అంటే, అక్కడే ఇరుక్కున్నాను. “‘నేను’ అనేది నలుగురి మధ్యే తయారవుతుంది” అని ఇంట్లో చెబితే నాన్న మురిసిపోయారు. “నానూ అదే కదమ్మా అంటన్నాను. ఆడదానికి సొంతంగా ఏటుంటాది?” సిద్ధాంతం పొందూరు స్టేషన్‌లో దిగి మా వీధిలోకొచ్చేసరికి ఇలా తయారైంది. నలుగురితో ఉన్న ఆ సంబంధం మనిషిని నిలబెడుతోందా, తొక్కేస్తోందా చూసుకోవాలనే కదా 2000లో మెకెంజీ, స్టోల్యార్ లాంటి స్త్రీవాద తత్త్వవేత్తలు అన్నది! ఆ ముక్క చెప్పేలోగా నాన్న గురక పెట్టారు.

అమ్మ ఇవేవీ చదవలేదు. డ్వాక్రా పాస్‌బుక్ బియ్యం డబ్బా అడుగున దాస్తుంది. మొన్న నాన్న “నీదీ నాదీ ఏటే, అంతా మనదే కదా” అని చెయ్యి చాపారు. “మనదేనయ్యా. సంతకం మట్టుకు నాది” అని, బియ్యం కొలుస్తూనే ఉంది.

ఈసారి సభకు పంచె మీరే ఉతుక్కుని రండి. గంజి ఎంత పెట్టాలో తెలియకపోతే మామ్మని అడగండి.

ఇట్లు,
నూలు వడికే మామ్మ మనవరాలు