భవబంధాల ధ్రువీకరణ పత్రం

మా బావకు అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం నుంచి పిలుపొచ్చింది. ఆరు నెలలు అక్కడుండి, తన పరిశోధన గురించి వాళ్లకు చెప్పి, వాళ్లు చేస్తున్నది చూసి తిరిగి రావాలి. బావ ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. పరిశోధన చింతగింజల మీద. ఆ గింజల పొడితో మురుగునీళ్లలోని అద్దకపు రంగుల్ని ఎలా లాగేయవచ్చో ఇరవై ఏళ్లుగా చూస్తున్నాడు. ఉత్తరం వచ్చిన రోజు అక్క సేమ్యా పాయసం చేసింది. పిలిచినవాళ్లు వేరనీ, గుమ్మంలో నిలబడి ‘ఎవరు నువ్వు, ఎందుకొచ్చావు’ అని అడిగేవాళ్లు వేరనీ, వాళ్లిద్దరికీ మాటల్లేవనీ ఆ పూట మాకు తెలియదు.

ఈమధ్య చాలామంది అమెరికా వెళ్లే పండితుల వీసా నిబంధనల్ని ఆడిపోసుకుంటున్నారు. పండితుల్ని రమ్మని అవమానిస్తున్నారని ఒకటే గోల. నేను ఒప్పుకోను. ఇంటికొచ్చే చుట్టానికి ఒక లెక్కాపత్రం ఉండాలి. మనకు అది లేకపోబట్టే సంక్రాంతికి వచ్చిన అల్లుడు శివరాత్రి దాటినా కదలడు. అమెరికావాళ్లు పద్ధతి తెలిసినవాళ్లు. ఆ పద్ధతిలోని లోతు దగ్గరుండి చూసినవాడిగా చెబుతున్నాను.

బావకు కావలసింది జె-1 వీసా, చదువుకో పరిశోధనకో వచ్చి తిరిగి వెళ్లేవాళ్లకిచ్చేది. మొదట దాని దరఖాస్తు ఫారం సంగతి. డీఎస్-160 అంటారు. దాని ముందు కూర్చుని 20 నిమిషాలు ఏమీ నొక్కకపోతే దానంతటదే మూసుకుపోతుంది. ఆలోచించడమే వృత్తిగా బతికేవాళ్లకు ఇంతకన్నా మంచి శిక్షణ లేదు. బావ ఒక్కో ప్రశ్న దగ్గర ఆగి, కళ్లజోడు తుడుచుకుని, పైకప్పు కేసి చూసి, ‘అసలు ఈ ప్రశ్న ఉద్దేశం ఏమిటంటావ్’ అనేవాడు. ఆ ఉద్దేశం తేలేలోగా ఫారం వెళ్లిపోయేది. మూడుసార్లు అలా అయ్యాక పని పంచుకున్నాం. ఆలోచించడం ఆయన వంతు, నొక్కడం నా వంతు.

‘మీరు ఏదైనా వంశానికి గానీ తెగకు గానీ చెందినవారా?’ అని ఒక ప్రశ్న.

‘గోత్రం రాయాలా, ఇంటిపేరు సరిపోతుందా?’ అన్నాడు బావ.

‘లేదని కొట్టరా’ అంది అక్క వంటింట్లోంచి. ‘ఉందంటే ఈయన తమ్ముళ్లందరి పేర్లూ రాయమంటారు.’

మారణహోమంలో పాల్గొన్నారా అన్న ప్రశ్న దగ్గర అక్కే నవ్వింది. బావకు చీమల మందు చల్లడానికి కూడా చేతులు రావు. అలాంటివన్నీ సాఫీగానే సాగాయి. బావను ఆపేసిన అసలు ప్రశ్న వేరే ఉంది: తుపాకులు, పేలుడు పదార్థాలు, అణు, జీవ, రసాయన విషయాల్లో మీకు ప్రత్యేక నైపుణ్యం గానీ శిక్షణ గానీ ఉందా?

బావ కుర్చీలో వెనక్కి వాలాడు. ‘రసాయన విషయాల్లో లేదని రాస్తే వాళ్లు నన్ను పిలిచిందెందుకు? ఉందని రాస్తే వీళ్లు నన్ను రానిచ్చేదెందుకు?’

నా దృష్టిలో ఈ నిబంధనల సారమంతా బావ అన్న ఆ రెండు మాటల్లో ఉంది. పండితుడు తన విషయం బాగా తెలిసినవాడై ఉండాలి, అదే సమయంలో ఏమీ తెలియనివాడై ఉండాలి. అక్కడికి వెళ్లాలని గాఢంగా కోరుకోవాలి, అక్కడ ఉండాలని పొరపాటున కూడా అనుకోకూడదు. ఇది చేతనైనవాణ్ణి మన శాస్త్రాల్లో స్థితప్రజ్ఞుడు అంటారు. అమెరికాలో జె-1 అంటారు.

బావ మొదటివాడేం కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరుగా చేసిన గోవర్ధన్ మెహతా గారిని 2006లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఆహ్వానించింది. ఆయనా రసాయన శాస్త్రవేత్తే. అంతకు ముందు ఎన్నోసార్లు అమెరికా వెళ్లొచ్చినవారు. చెన్నై కాన్సులేట్‌లో ఆయన పరిశోధన రసాయన ఆయుధాలకు పనికొస్తుందేమోనన్న సందేహం వచ్చింది. వీసా ఆగింది. గొడవ పత్రికలకెక్కాక విచారం ప్రకటించి వీసా ఇచ్చారు. అదే రోజుల్లో, మార్చి 3న, ఒక విదేశీ సందర్శకుడు హైదరాబాద్ వచ్చి, ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పైర్లూ గేదెలూ చూసి వెళ్లాడు. పేరు జార్జ్ బుష్. ఆయన చేతిలో ఉన్న ఆయుధాల సంగతి అక్కడ ఎవరూ అడగలేదు. గేదెలు కూడా అడగలేదు. హైదరాబాద్‌లో కాన్సులేట్ పెడతామని ఆ పర్యటనలోనే చెప్పారు. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో తెరిచి, 2023లో నానక్‌రామ్‌గూడకు మార్చారు. దాంతో మనవాళ్లకు చెన్నై దాకా రైలెక్కి వెళ్లి కాదనిపించుకునే శ్రమ తప్పింది. ఈ మేలు ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఇంకా వెనక్కి వెళ్తే, నోబెల్ గ్రహీత, భౌతిక శాస్త్రవేత్త పాల్ డిరాక్‌ను 1954లో ప్రిన్స్‌టన్‌ పిలిస్తే, వీసా ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదన్నారు. ఆయన ఊరుకోకుండా మన దేశం వచ్చి బొంబాయిలో పాఠాలు చెప్పాడు. వాళ్లు వదులుకున్నది మనకు దొరికింది. 1932 డిసెంబరులో బెర్లిన్‌లోని అమెరికా కాన్సులేట్‌వాళ్లు ఐన్‌స్టీన్‌ను కూర్చోబెట్టి ఆయన రాజకీయ నమ్మకాలేమిటని అడిగారు. ఈయన్ని రానివ్వొద్దని అమెరికాలో ఒక దేశభక్త మహిళా సంఘం 16 పేజీల ఫిర్యాదు రాసింది. ఆయనకు ఒళ్లు మండింది. మర్నాడే వీసా ఇచ్చేశారు. చలికాలం గడిపి వస్తానని బయల్దేరిన పెద్దమనిషి మళ్లీ జర్మనీలో అడుగుపెట్టలేదు. చూశారా, సందర్శకులు తిరిగి వెళ్లరన్న అనుమానం ఊరికే పుట్టలేదు. మధ్యలో హిట్లర్ అధికారంలోకి వచ్చాడనేది వేరే విషయం. ఫారంలో దానికి గడి లేదు.

ఆ అనుమానానికి చట్టంలో చోటుంది. సెక్షన్ 214(బి). 1952 నాటి వలస చట్టంలోది. కాన్సులేట్ కిటికీ ముందు నిలబడ్డ ప్రతివాడూ అక్కడే స్థిరపడిపోవడానికి వచ్చాడనే మొదట అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవడం వచ్చినవాడి పని. ఎలా రుజువు చేయాలి? స్వదేశంతో బలమైన బంధాలు ఉన్నాయని చూపించాలి. మన పెద్దలు వేల ఏళ్లుగా భవబంధాలు తెంచుకోమని చెప్పి చెప్పి అలిసిపోయారు. ఇన్నాళ్లకు ఆ బంధాలకు గిరాకీ వచ్చింది. బావ ఫైలులో పొలం పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి పన్ను రసీదు, కాలేజీ ఇచ్చిన సెలవు మంజూరు కాగితం, కూతురు స్కూల్ ఫీజు రసీదు, అమ్మ బీపీ మందుల చీటీ పెట్టాం. పూర్తిగా కట్టేసినట్టుంది. ఇంత సంసారంలో కూరుకుపోయాడని అంతకుముందు ఆయనకే తెలియదు. సన్యాసులకు వీసా ఎలా ఇస్తారో నాకు అర్థం కాదు.

జె-1లో ఎన్ని రకాలో. బావది స్వల్పకాలిక పండితుడి రకం, ఆరు నెలలు దాటితే ఒక్క రోజు కూడా పొడిగించరు. పరిశోధక పండితుడిగా వెళ్తే ఐదేళ్లుండొచ్చు. కానీ అది ముగిశాక అదే హోదాలో మళ్లీ రావాలంటే 24 నెలలు ఆగాలి. ఐదేళ్లున్నా సరే, ఐదు వారాలుండి వచ్చేసినా సరే, విరామం 24 నెలలే. కొందరు ఇంటికెళ్లి రెండేళ్లు దేశసేవ చేస్తే తప్ప అక్కడ ఉద్యోగపు వీసాలూ గ్రీన్ కార్డూ అడగకూడదు. ఏ దేశానికి ఏ చదువులు అవసరమో వాషింగ్టన్‌లో ఒక జాబితా ఉంటుంది. 2024 డిసెంబరులో ఆ జాబితాలోంచి మన దేశాన్ని తీసేశారు. మన చదువుకున్నవాళ్లతో మనకింక పనిలేదని అక్కడ తేలిపోయిందన్నమాట. బావ కొంచెం నొచ్చుకున్నాడు.

అన్నిటికన్నా నాకు నచ్చింది మామూలు సందర్శక వీసా మీద వెళ్లి ఉపన్యాసాలిచ్చేవాళ్ల నియమం. పారితోషికం పుచ్చుకోవచ్చు, కానీ ఒక సంస్థలో 9 రోజులకు మించకూడదు, ఆరు నెలల్లో 5 సంస్థలకు మించకూడదు. ఇది రాసినవాడెవడో శరన్నవరాత్రులు చూసుంటాడు. తొమ్మిది రోజులు దేవీ ప్రవచనం చెప్పి సంభావన తీసుకోవచ్చు. విజయదశమి నాటి ప్రవచనం మాత్రం దేవుడి కోసం చెప్పాలి.

బీమా సంగతి అక్క చదివింది. జబ్బుకు గానీ ప్రమాదానికి గానీ 1,00,000 డాలర్లకు, రోగిని స్వదేశానికి తరలించడానికి 50,000 డాలర్లకు, మనిషి పోతే భౌతికకాయాన్ని ఇంటికి పంపడానికి 25,000 డాలర్లకు బీమా ఉండి తీరాలి. ప్రాణంతో తేవడం ఖరీదు, ప్రాణం పోయాక సగం ధర. అక్క అక్కడితో చదవడం ఆపేసి, ఆ కాగితాన్ని దేవుడి గూట్లో పెట్టింది. ఇక వీసా ఫీజు 185 డాలర్లు, వచ్చేవాళ్ల వివరాలు రాసిపెట్టే సెవిస్ అనే చిట్టాకు ఫీజు 220. వీసా రాకపోయినా ఆ 185 తిరిగిరాదు. తిరుపతి హుండీ దగ్గర మనం చిల్లర వెనక్కి అడుగుతామా?

2025 జూన్ నుంచి ఇంకో నియమం. చదువుకోవడానికో పరిశోధనకో వచ్చేవాళ్లు తమ సోషల్ మీడియా ఖాతాల్ని అందరికీ కనపడేలా తెరిచి ఉంచాలి. బావ ఫేస్‌బుక్‌ను నేనే తెరిచాను. 11 ఏళ్ల చరిత్రంతా చూశాం. శుభోదయం పూలు, పూర్వ విద్యార్థుల పెళ్లి ఫోటోలకు ‘శుభాకాంక్షలు’, అల్లం రసంతో అన్ని రోగాలూ పోతాయన్న పోస్టు ఒకటి, దాని కింద ‘ఆధారం?’ అని బావ పెట్టిన ఒకే ఒక్క ప్రశ్న. ‘ఇది తీసేద్దామా?’ అన్నాడు. ఆధారాలు అడిగే మనిషి అని తెలిస్తే ప్రమాదమని ఆయన భయం. తీసేశాం.

వేలిముద్రలకు ఒక రోజు, మాటలకు ఒక రోజు. ఏ ఊరో, ఏ కిటికీయో చెప్పను. ఇప్పుడు నా ఖాతా కూడా ఎవరైనా చదువుతుండవచ్చు. వెళ్లేముందు మా వీధి చివరి వీసా కన్సల్టెన్సీ కుర్రాడు బావకు రెండు గంటలు తర్ఫీదిచ్చాడు. బయటికొచ్చి బావ, ‘ఇది అష్టావధానంరా’ అన్నాడు. నిజమే. అనకూడని మాటలు ముందే చెబుతారు, అది నిషిద్ధాక్షరి. ఉద్యోగం, కజిన్, న్యూజెర్సీ వగైరా. అనితీరవలసిన మాటలు ఇస్తారు, అది దత్తపది. నీ జీవితాన్ని రెండు వాక్యాల్లో కుదించమంటారు, అది సమస్యాపూరణం. అప్రస్తుత ప్రసంగం ఎప్పుడైనా రావచ్చు. అవధానికైతే ఒక్కో పనికి ఒక్కో పృచ్ఛకుడుంటాడు. ఇక్కడ అందరూ కలిసి అద్దం వెనక ఒక్కరే.

రెండు నిమిషాల్లో అయిపోయిందట. ఏం పరిశోధన అని అడిగితే చింతగింజల పొడి అన్నాడు. దాంతో ఏం చేస్తారంటే నీళ్లలో రంగు తీసేస్తామన్నాడు. ఇంతవరకూ కుర్రాడు చెప్పినట్టే. తరవాత ఆ అధికారి మామూలుగానే, ఆ గింజలకు పేలే గుణం ఏమైనా ఉందా అని అడిగాడట. అప్రస్తుత ప్రసంగానికి చమత్కారంగా నవ్వి తప్పుకోవాలి, ఏ అవధానినడిగినా చెబుతాడు. బావ ఇరవై ఏళ్లుగా శాస్త్రజ్ఞుడు. చూసింది చూసినట్టు చెప్పడం అలవాటు.

‘వేయిస్తే చిటపటమంటాయి సార్’ అన్నాడు.

కాగితం చేతిలో పెట్టారు. 221(జి), అంటే మరిన్ని వివరాల కోసం వీసా ఆపి ఉంచే సెక్షన్. పబ్లికేషన్ల జాబితా, పరిశోధన వివరం, ఇంతవరకు చేసిన ప్రయాణాలు పంపమన్నారు. పంపాడు. కాదన్నారా? లేదు. ఇచ్చారా? అదీ లేదు. కాగితంలో పరిశీలనలో ఉందని ఉంటుంది, వెబ్‌సైటులో చూస్తే ‘రిఫ్యూజ్డ్’ అని ఉంటుంది. బావ మొదట్లో కంగారుపడ్డాడు. మా వీధిలో వేదాంతం చెప్పే మాస్టారొకాయన ఉన్నారు. ఆయన విని, ‘ఉందని చెప్పలేం, లేదని చెప్పలేం. అనిర్వచనీయం. శంకరులు మాయను గురించి చెప్పింది ఇదే కదా’ అని సంతోషపడ్డారు. దేశాల మధ్య పరస్పర అవగాహన పెరగాలని అమెరికావాళ్లు 1961లో చట్టం చేసి ఈ రాకపోకలు పెంచారు. అద్వైతం అర్థం చేసుకునేదాకా వస్తారని మాత్రం నేను ఊహించలేదు.

నాలుగు నెలలైంది. అక్కడ సెమిస్టర్ మొదలైపోయింది. పిలిచిన ప్రొఫెసర్ మంచివాడు, పోనీ జూమ్‌లో చెప్పండన్నాడు. మొన్న రాత్రి పదింటికి బావ ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో వెనక గదిలో కూర్చుని గంటసేపు చెప్పాడు. చింతగింజల పొడి ఆ గంటలో ఏ తనిఖీ లేకుండా అమెరికా చేరిపోయింది. వేయిస్తే చిటపటమంటాయని కూడా చెప్పాడట, అక్కడ అందరూ నవ్వారట.

జూమ్ కట్టేశాక అక్కకు ఒక ధర్మసందేహం వచ్చింది. చిలుకూరు బాలాజీ దగ్గర 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంది. కోరిక తీరితే 108 చెయ్యాలి. ‘ఏమండీ, ఉపన్యాసమైతే అయిపోయింది కదా. మరి నేను తిరగాలా, అక్కర్లేదా?’

బావ ల్యాప్‌టాప్ మూసి, ‘అదీ పరిశీలనలోనే ఉంది’ అన్నాడు.