సవరణ: వర్క్‌షాపులకు 14 నెలల సున్నం లెక్క వర్తించదు

బ్రిటన్ 1901 ఫ్యాక్టరీ, వర్క్‌షాపుల చట్టం గురించి పెట్టిన పోస్టులో "ప్రతి చిన్న వర్క్‌షాపూ 14 నెలలకోసారి గోడలకు సున్నం కొట్టించాలి" అని రాశాను. అది తప్పు. చట్టం మూలపాఠంలో 1, 2 సెక్షన్లు పక్కపక్కన పెట్టి చదివితే తేడా తెలుస్తుంది.

14 నెలల గడువు ఫ్యాక్టరీలకు, అంటే మామూలుగా యంత్రశక్తితో నడిచేవాటికి. చేతిపని దర్జీ కొట్టు, చెప్పులు కుట్టే గది లాంటివి వర్క్‌షాపులు. వాటి శుభ్రత చూసేది హోం శాఖ ఇన్‌స్పెక్టరు కాదు, స్థానిక కౌన్సిల్. ఆరోగ్యాధికారి గానీ పారిశుధ్య ఇన్‌స్పెక్టరు గానీ అవసరమని సర్టిఫికెట్ ఇస్తే, కౌన్సిల్ లిఖితపూర్వకంగా నోటీసు పంపేది. అప్పుడే సున్నం. అంటే ఎవరూ వెళ్లి చూడని గదికి గడువన్నదే ఉండేది కాదు. చట్టంలో అసలు బలహీనత ఇదేనని నా అభిప్రాయం. బేకరీల సంగతి వేరు, సున్నం వేసినవైతే 6 నెలలకోసారి మళ్లీ వేయాల్సి ఉండేది.

ఆ పోస్టులో మనిషికి 250 ఘనపుటడుగుల చోటు అని రాసింది మాత్రం సరైనదే, ఫ్యాక్టరీలకూ వర్క్‌షాపులకూ వర్తించేది. ఓవర్‌టైంలో అది 400 అని చెప్పడం మరిచాను. 15 అడుగుల పొడవు, 12 వెడల్పు, 9 ఎత్తున్న గది 1,620 ఘనపుటడుగులు: పగలు ఆరుగురు, ఓవర్‌టైంలో నలుగురే. ఆ సంఖ్య రాసిన నోటీసు లోపల అంటించి ఉంచాల్సి ఉండేది. ఇన్‌స్పెక్టరు టేపుతో కొలిచి, తలలు లెక్కపెడితే సరిపోయేది.