ఊర్వశి శారద: మూడు అవార్డుల్లో మన వాటా ఎంత?

ఎనభైల్లో సినిమాలు చూస్తూ పెరిగిన మా తరంలో చాలామందికి ‘ఊర్వశి’ అనేది శారద గారి ఇంటిపేరు. టైటిల్స్‌లో అలాగే పడేది, పోస్టర్ మీదా అలాగే ఉండేది. ఒకప్పుడు జాతీయ ఉత్తమ నటి అవార్డును ఊర్వశి అనేవారనీ, దాన్ని ఆమె మూడుసార్లు అందుకున్నారనీ తెలిసేసరికి మాకు మీసాలొచ్చాయి. ఆ మూడింట్లో రెండు మలయాళ సినిమాలకని తెలియడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. 1968లో ‘తులాభారం’, 1972లో ‘స్వయంవరం’. తెలుగు సినిమాకు వచ్చింది ఒక్కటే, 1978లో ‘నిమజ్జనం’.

తెనాలి అమ్మాయి కాబట్టి మన మనిషే అని చెప్పుకుంటాం. చెప్పుకోవచ్చు. కానీ ఆమెలో ఎంత పెద్ద నటి ఉందో ముందు పసిగట్టినవాళ్లు మనవాళ్లు కారు. ఈ మాట చెప్పడానికి నాకు కాస్త మొహమాటంగానే ఉంది.

1945లో తెనాలిలో పుట్టారు. అసలు పేరు సరస్వతీ దేవి. తెనాలి అంటే నాటకాల ఊరు. గోవిందరాజుల సుబ్బారావు, జగ్గయ్య లాంటివాళ్లంతా ఆ గాలి పీల్చినవాళ్లే. సావిత్రి పుట్టిన చిర్రావూరు, కృష్ణ పుట్టిన బుర్రిపాలెం ఆ చుట్టుపక్కలవే. శారద చిన్నపిల్లగా ఉన్నప్పుడే 1955లో ‘కన్యాశుల్కం’లో కనిపించారు. 1961లో ‘ఇద్దరు మిత్రులు’తో పేరొచ్చింది. మామూలుగా అయితే అక్కడి నుంచి మెట్లెక్కుతూ పోవాలి. కానీ ఆమెకు ఎక్కువగా వచ్చినవి హాస్యం, పక్క పాత్రలు.

దీనికి కారణం మరీ పెద్ద కుట్రేమీ కాదనుకుంటాను. కన్నీళ్లు పెట్టించే కథానాయిక అనే కుర్చీలో అప్పుడు సావిత్రి గారున్నారు. ఆ కుర్చీ ఖాళీ అయ్యే సూచన లేదు. కథలేమో ఇద్దరు పెద్ద హీరోల చుట్టూ తిరుగుతున్నాయి. కొత్త అమ్మాయిలో ఏముందో తీరిగ్గా చూసే అవసరం ఎవరికొచ్చింది?

1965లో కుంచాకో తీసిన ‘ఇణప్రావుకళ్’తో ఆమె మలయాళానికి వెళ్లారు. అదే ఏడాది ‘మురప్పెణ్ణు’ వచ్చింది. దాని రచన ఎం.టి. వాసుదేవన్ నాయర్, దర్శకత్వం ఎ. విన్సెంట్. అప్పటి మలయాళ సినిమా మార్కెట్ మనకంటే చిన్నది. కానీ అక్కడ కథ రాసేవాడికి గౌరవం ఉంది, నాటకం నుంచీ సాహిత్యం నుంచీ మనుషులు నేరుగా తెర మీదికి వచ్చేస్తున్నారు. ‘తులాభారం’ కూడా తోప్పిల్ భాసి నాటకమే. భర్తను పోగొట్టుకున్న ఓ తల్లి, పిల్లల ఆకలి చూడలేక వాళ్లకు విషం పెట్టి, తాను మిగిలిపోయి బోనులో నిలబడుతుంది. ఇది ఎంత హిట్టంటే తెలుగులో ‘మనుషులు మారాలి’ (1969) అయింది, తమిళంలోకీ హిందీలోకీ వెళ్లింది. నాలుగు భాషల్లోనూ ఆ తల్లి శారదే.

గమనించారా? మనకు ఆ పాత్ర ముందు కేరళలో హిట్టయ్యాకే వచ్చింది. ఇంటి పిల్ల పాట కచేరీలో చప్పట్లు పడ్డాక గానీ ఇంట్లోవాళ్లకు వినపడలేదన్నమాట.

అంతా కేరళ గొప్పతనమే అనడం కూడా సరికాదు. అక్కడా ఆమెను ఏడిపించారు. ఒకసారి ఏడుపు ఆడిందని తెలిశాక, వరసపెట్టి ఏడుపే. ఆమెను నిజంగా వేరే దారిలో చూసినవాడు అడూర్ గోపాలకృష్ణన్. ఆయన మొదటి సినిమా ‘స్వయంవరం’లో సీత, విశ్వం ఇంట్లోవాళ్లను కాదని వచ్చేసి కాపురం పెడతారు. ఉద్యోగం కుదరదు, చేతిలో డబ్బులుండవు, చివరికి మనిషే పోతాడు. మామూలు దర్శకుడైతే అక్కడ శారద చేత గుండెలు బాదుకునేలా ఏడిపించి థియేటర్‌ని తడిపేసేవాడు. ఇక్కడ ఆఖరికి మిగిలేది బిడ్డతో ఉన్న సీత, మూసి ఉన్న తలుపు వైపు ఆమె చూపు. అంతే.

ఇంకో సంగతి కూడా ఉంది. మలయాళంలో ఆమె చాలా పాత్రలకు వేరేవాళ్లు గొంతు ఇచ్చారు. ముఖ్యంగా టి.ఆర్. ఓమన. అంటే మనం ‘శారద డైలాగ్’ అని మెచ్చుకునే ఆయుధమే చేతిలో లేకుండా, కళ్లతోనూ భుజాలతోనూ అక్కడివాళ్లను ఒప్పించారామె. గొంతే నటనలో సగం అని నమ్మే మనకు ఇది మింగుడుపడని విషయం.

తెలుగు ఆమెకు ఏమీ ఇవ్వలేదంటే అన్యాయమే. 1973లో కె. విశ్వనాథ్ ఆమె పేరునే సినిమా పేరుగా పెట్టి ‘శారద’ తీశారు. 1975లో దాసరి తీసిన ‘బలిపీఠం’, రంగనాయకమ్మ నవల, నా దృష్టిలో తెలుగులో ఆమెకు దక్కిన గట్టి పాత్ర. జబ్బుతో ఉన్న బ్రాహ్మణ వితంతువు దళితుణ్ణి పెళ్లాడుతుంది, కోలుకుంటుంది, కోలుకున్నాక లోపలున్న కులం మెల్లగా బయటికొస్తుంది. జాలిపడాలో కోప్పడాలో తెలియని మనిషి. అలాంటివి ఇంకో నాలుగు రాసి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు.

తర్వాత ఏమైందో అందరికీ తెలుసు. పట్టుచీర, గంభీరమైన నడక, అల్లుణ్ణి దారిలో పెట్టబోయి తానే దారికొచ్చే అత్తగారు. ‘అనసూయమ్మ గారి అల్లుడు’ (1986) నేనూ ఈల వేసి చూసినవాణ్ణే. 1996లో తెనాలి నుంచి తెలుగుదేశం ఎంపీగా లోక్‌సభకూ వెళ్లారు. ఆ తర్వాత ‘స్టాలిన్’, ‘యోగి’ లాంటివాటిలో హీరోల తల్లి. గౌరవానికి లోటు లేదు. పని మాత్రం ఆమె స్థాయికి చాలా తక్కువ.

ఈ మధ్య మా అమ్మతో కూర్చుని 1981 నాటి ‘ఎలిప్పత్తాయం’ మళ్లీ చూశాను. అదీ అడూర్‌దే. పాత జమీందారీ ఇల్లు, కదలని అన్న, అతనికి సేవ చేస్తూ పెళ్లి లేకుండా మిగిలిపోయిన చెల్లెలు రాజమ్మగా శారద. మొదట్లోనే అర్ధరాత్రి ఎలుక వచ్చిందని అన్న కేకలేస్తాడు. రాజమ్మ లేచి వస్తుంది. ఆ లేవడంలో విసుగు లేదు, ప్రేమా లేదు. ఇలా ఎన్ని వందలసార్లు లేచి ఉంటుందో ఒంటిని చూస్తే తెలిసిపోతుంది. అమ్మకు మలయాళం ముక్క రాదు, సబ్‌టైటిల్స్ చదవదు. అరగంట ఓపిక పట్టి, “ఈమెకి డైలాగులేం లేవా?” అంది. నేనేమీ అనలేదు. రాజమ్మకు కడుపునొప్పి మొదలయ్యాక మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుంది.

“వాడు ఆ పిల్లని డాక్టరుకి చూపిస్తాడా చూపించడా? ముందు అది చెప్పు” అంది.